రెండు చుట్లు ఎక్కువ

సరళక్కా,

మన ఉపగ్రహం పైకి వెళ్ళి ఇవాళ్టికి పదకొండు రోజులు. పాలడబ్బా అంత కూడా లేదని నువ్వు నవ్వేదానివే, అదే. రోజూ రెండుసార్లు అమీర్‌పేట మేడ మీద మన క్లబ్బువాళ్ళం రేడియో పెట్టుకుని నిలబడుతున్నాం. అది మన మీదుగానే పోతోంది కానీ పలకడం లేదు.

దాని యాంటెన్నా విచ్చుకోలేదని అందరి అనుమానం. మడిచిన యాంటెన్నాకి నువ్వు నైలాన్ దారం ఒక్క చుట్టు చుట్టి ముడి వేశావు. పైకి వెళ్ళాక చిన్న తీగ వేడెక్కి ఆ దారాన్ని తెంపుతుంది, ఒక్క చుట్టు చాలన్నావు.

నువ్వు పోయిన వారానికి, రాకెట్ వాళ్ళకి అప్పగించే ముందు ఇంకోసారి చూద్దామని నేనొక్కదాన్నే దాన్ని విప్పాను. తిరిగి కట్టేటప్పుడు రాకెట్ కుదుపులకి ఊడుతుందేమోనని భయమేసి, రెండు చుట్లు ఎక్కువ చుట్టాను. ఎవరికీ చెప్పలేదు.

ఇవాళ యాదన్న హెడ్‌ఫోన్ తీసి పక్కన పెట్టాడు. సనత్‌నగర్ షెడ్డులో దాని పెట్టె చేసిచ్చింది ఆయనే కదా.

"సరళక్క ఏసిన ముడే పట్టుకున్నట్టుంది. పాపం, పోయిన మనిషిని ఏమంటం" అన్నాడు.

నీ శిష్యురాలినని అందరూ నావైపు చూశారు. నేను తల ఊపాను.

రేపు పొద్దున ఆరుంబావుకి పంజగుట్ట వైపు నుంచి మళ్ళీ వస్తుంది. తెగమని ఆ దారాన్నే బతిమాలుకుంటున్నాను. ఒక్క కూత వినిపించినా చాలక్కా. లేకపోతే నేను నోరు విప్పాలి. విప్పుతానని నాకే నమ్మకం లేదు.