మెట్ల కింద వాయించిన గిటారు

చిరంజీవి పిచ్చుకకు,

చిన్నాన్న ఆశీస్సులు. ఇక్కడ అందరం క్షేమం. అలా రాయడం అలవాటు కాబట్టి రాశాను.

మీ నాన్న పోయి ఆరు నెలలైంది. పైగదిలో మంచం మీదున్న మీ నానమ్మకు ఇంకా ఆ సంగతి తెలియదు. గుండె బలహీనంగా ఉంది, చెప్పవద్దని డాక్టరు అన్నాడు కదా. గొంతు ఆపరేషన్ తర్వాత పెద్దాడికి మాట పోయిందని, మెట్లెక్కితే ఆయాసమని, కింద షాపులోనే ఉంటున్నాడని చెప్పుకొస్తున్నాం. ఆవిడ దిగలేదు, చూడలేదు, కాబట్టి నమ్మింది. కానీ రోజూ షాపు మూసేముందు మీ నాన్న గిటారు వాయించడం నలభై ఏళ్ళుగా విన్న చెవులవి. ఒక్క సాయంత్రం ఆ చప్పుడు రాకపోతే మన అబద్ధం అక్కడితో సరి. అందుకని నేనే వాయిస్తున్నాను.

నా వాయింపు నీకు తెలియనిది కాదు. ఈ షాపులో గిటార్లు చేయడం నా వంతు, వాయించి చూపించడం మీ నాన్న వంతు. నిన్న మీ నానమ్మ, తనను కనిపెట్టుకుని ఉండే నర్సమ్మతో కబురు పంపింది. "ఆపరేషన్ గొంతుకా, వేళ్ళకా? కనుక్కుని రా" అందట.

నువ్వు స్టూడియోలో పాడైన శబ్దాలను బాగుచేస్తావు. నేను వాయించింది రికార్డరుతో పట్టి, ఈ చిన్న మెమరీ కార్డులో పెట్టి పంపుతున్నాను. దీన్ని మీ నాన్న వాయించినట్టు చేసి పంపు. షాపులో పాత స్పీకరు ఉంది, సాయంత్రం దాంట్లో వేస్తాను. ఫోన్ మాత్రం చేయకు. మన షాపు కప్పు చెక్కది, ఏం మాట్లాడినా పైకి పోతుంది.

ఇట్లు,
చిన్నాన్న

తా.క. మధ్యలో మూలుగులు వినిపిస్తే అవి నావే. తీసెయ్.

*

చిన్నాన్నకు,

నమస్కారాలు. కార్డు అందింది. హెడ్‌ఫోన్లు పెట్టుకున్నాను. మొదటి స్వరం మోగగానే నాన్న గిటారని గుర్తుపట్టి ఏడుపొచ్చింది. రెండో స్వరానికి ఏడుపు ఆగిపోయింది. కోపం తెచ్చుకోకు, ఉన్నమాట చెబుతున్నాను.

ఏమేం చేశానో రాస్తున్నాను, నీకు తెలిసుండటం మంచిది. వెనక ఫ్యాను హోరు తీసేశాను. కింది స్వరాల్లో బొంగురు మోత చాలా ఉంది, దాన్ని కోసేశాను. పైస్వరాలు మసకగా ఉంటే కాస్త మెరుపు పెట్టాను. ఆలస్యంగా పడిన మీటులను ఒక్కొక్కదాన్నే చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి తాళంలో కూర్చోబెట్టాను. అవి నూటనలభై ఉన్నాయి.

నాన్న వాయించినట్టు మాత్రం రాలేదు. ఆరోగ్యం బాగాలేని నాన్న వాయించినట్టు వచ్చింది. మనకు కావలసింది కూడా అదే కదా.

ఇట్లు,
పిచ్చుక

తా.క. పన్నెండు మూలుగులు, నాలుగు తిట్లు తీసేశాను. తిట్లలో మూడు గిటారుకు. నాలుగోది "నన్నిలా ఇరికించి చక్కా పోయావు" అని ఉంది. అది మా నాన్నకే అనుకుంటా.

*

చిరంజీవి పిచ్చుకకు,

ఆశీస్సులు. నీ పని దివ్యంగా ఉంది. సాయంత్రం స్పీకరులో వేసి, పైకి చెవి ఒగ్గి కూర్చున్నాను. మీ నానమ్మ నర్సమ్మతో, "పొద్దున పూట వీడు మొద్దు, సాయంత్రానికి విద్వాంసుడు, ఇదేం మందో" అనడం వినిపించింది. పొద్దున నేను సాధన చేస్తుంటాను లే.

అయితే ఒకటి ఆలోచించాను. ప్రతిసారీ నువ్వక్కడ కూర్చుని బొంగురు కోయడం దేనికి? రోగం ఇక్కడుంటే మందు అక్కడెందుకు? ముప్ఫై ఏళ్ళుగా కర్రతో బతుకుతున్నవాణ్ణి, ఆ మాత్రం నాకు చేతకాదా? గిటారు రంధ్రంలోంచి చెయ్యి పెట్టి, లోపల పైచెక్కను మోసే బద్దలు రెండింటిని సన్నటి ఉలితో సగానికి చెక్కేశాను. నువ్వన్న మెరుపు కోసం పైచెక్క మీది వార్నీషు ఉప్పుకాగితంతో గీకేసి, కొత్త తీగలు బిగించాను.

బొంగురు పోయింది. నిజం చెప్పాలంటే దాంతోపాటు మోత కూడా చాలావరకు పోయింది. కొత్త కార్డు పంపుతున్నాను, చూడు.

ఇట్లు,
చిన్నాన్న

తా.క. చెక్కిన పొట్టు డబ్బాలో పోసి దాచాను. ఎక్కువ కోశానంటే చెప్పు, జిగురుతో మళ్ళీ అతికిస్తాను.

*

చిన్నాన్నకు,

నమస్కారాలు. నీ ఉత్తరం చదివి రెండు రోజులు జవాబు రాయలేదు. రాస్తే పెద్దంతరం చిన్నంతరం లేకుండా రాసేదాన్ని.

నేను కోసింది కంప్యూటర్లో. తెర మీద ఒక గీతను వేలితో కిందికి లాగాను, అంతే. నచ్చకపోతే మళ్ళీ పైకి లాగుతాను. నీ ఉలికి ఆ సౌకర్యం లేదు. నాన్న వస్తువుల్లో చొక్కాలు నువ్వు వేసుకుంటున్నావు, కళ్ళజోడు ఎక్కడ పోయిందో తెలియదు. నాకు మిగిలింది ఆ గిటారు ఒక్కటే అనుకున్నాను. దాన్ని లోపల్నుంచి తినేశావు.

సరే, జరిగిందేదో జరిగింది. ఇప్పుడు దాని మోత రేకుడబ్బాలా పలచబడింది. అదే వాయింపును రెండు వరసలుగా పక్కపక్కన పెట్టి కాస్త ఒళ్ళు తెప్పించాను. గట్టిగా పడిన మీటులను అణిచి, మెల్లగా పడినవాటిని పైకి లేపాను. దీంట్లో ఒక చిక్కుంది. మెల్లటివన్నీ లేస్తాయి కాబట్టి, మామూలుగా వినబడని గుసగుసలు కూడా పైకి వస్తాయి. ఇక షాపు నిండా కర్ర ఉంది, అది శబ్దాన్ని మింగేస్తోంది. అందుకని పెద్ద గదిలో వాయించినట్టు కొంచెం ప్రతిధ్వని కలిపాను.

ఇదంతా నేను ఇక్కడే చేశాను. నువ్వు ఇక గిటారును ముట్టుకోవద్దు.

ఇట్లు,
పిచ్చుక

తా.క. చెక్కపొట్టు పారేయకు. నాకు పంపు.

*

చిరంజీవి పిచ్చుకకు,

ఆశీస్సులు. పొట్టు ఈ కవరులోనే ఉంది. క్షమించమని అడగడానికి ముఖం చెల్లడం లేదు.

నువ్వు చెప్పినట్టే గిటారును ముట్టుకోలేదు. షాపునే ముట్టుకున్నాను. కర్ర శబ్దాన్ని మింగేస్తోందన్నావు కదా, ఉన్న పలకలన్నీ పెరట్లోకి మోయించాను. అయినా ప్రతిధ్వని రాలేదు. వెతగ్గా వెతగ్గా మెట్ల కింద దొరికింది. చీపుర్లు బయట పడేసి, రేకు ఆనించి, స్టూలు వేసుకుని అక్కడే కూర్చుని వాయించాను. పైనుంచి మీ నానమ్మ, "పెద్దాడు బావిలో కూర్చున్నాడా ఏమిటి?" అని అడిగించింది.

అసలు ముప్పు నిన్న వచ్చింది. నువ్వు బాగుచేసింది స్పీకరులో మోగుతుండగా కరెంటు పోయింది. గిటారు మధ్యలో టక్కున ఆగిపోయింది. తర్వాత నర్సమ్మ దిగొచ్చి చెప్పింది. "వాడి చేతులు కరెంటుతో నడుస్తున్నాయేమో అడుగు. గొంతు లేకపోతే పోయింది, మెట్లు మెల్లగా ఎక్కొచ్చు. ఆదివారం పైకొచ్చి నా పక్కన కూర్చుని వాయించమని చెప్పు" అందట.

ఆదివారానికి మీ నాన్నను నేనెక్కణ్ణుంచి తేను? నిజం చెబితే ఆవిడ గుండె ఆగుతుంది. చెప్పకపోతే, వీడికి నన్ను చూడబుద్ధి కావడం లేదని పోయినవాణ్ణి తిట్టుకుంటుంది. రెండూ నా వల్ల కాదు. పిచ్చుకా, ఈ ఆరు నెలల్లో మీ నాన్న కోసం నేను ఒక్కసారి కూడా గట్టిగా ఏడవలేదు. కప్పు చెక్కది.

మెట్ల కింద వాయించింది పంపుతున్నాను. దీన్ని ఎలాగైనా మీ నాన్నలా చెయ్యి. ఆదివారం మెట్ల సగానికి స్పీకరు ఎక్కించి, ఆయాసం వల్ల అక్కడే ఆగిపోయాడని చెబుతాను.

ఇట్లు,
చిన్నాన్న

తా.క. స్పీకరుకు ఆయాసం పెట్టడం నీకు వీలవుతుందా?

*

చిన్నాన్నకు,

నమస్కారాలు. ఈ ఉత్తరం నిలబడి చదవకు, స్టూలు మీద కూర్చో.

స్పీకరుకు ఆయాసం పెట్టలేదు. ఈ కార్డును నాన్నలా చేయనూ లేదు. చేద్దామనే మొదలుపెట్టాను. నీ వాయింపును అణిచి, వెనకున్న మెల్లటి చప్పుళ్ళను పైకి లేపాను. నువ్వు కూర్చున్నది సరిగ్గా నానమ్మ గది తలుపు కింద. నీకు ఆవిడ మాటలు వినబడలేదు, గిటారు మోతలో ఉన్నావు. రికార్డరుకు వినబడ్డాయి. నర్సమ్మతో అంటున్న మాటలు ఉన్నవున్నట్టు రాస్తున్నాను.

"చిన్నాడు ఇవాళ కాస్త మెరుగు."

"చిన్నాయన కాదమ్మా, పెద్దాయన."

"నాకు చెప్పకే. పెద్దాడు మూడో తీగ శ్రుతి చూసుకోకుండా ఏనాడూ మొదలుపెట్టలేదు. వీడు వాయించిన మొదటి రోజే నాకు అర్థమైంది, పెద్దాడు లేడని. ఆ రాత్రంతా గోడ వైపు తిరిగి పడుకున్నాను. నువ్వు జ్వరమనుకున్నావు."

తర్వాత నర్సమ్మ ముక్కు చీదింది. నీ మీటులు రెండు తప్పాయి. ఆ తర్వాత ఇది.

"తెలుసని చెబితే వీడు వాయించడం మానేస్తాడు. మానేసి ఆ చెక్కల మధ్య ఒంటిగా ఏం చేస్తాడు? పోనీ, నా దగ్గర కూర్చుని ఏడవడానికైనా వాడికో వంక కావాలి. పెద్దాణ్ణి పైకి పంపమంటాను. పంపలేక వాడే వస్తాడు."

చిన్నాన్నా, ఆరు నెలలుగా మనం నానమ్మ గుండెను కాపాడుతున్నామనుకున్నాం. ఆవిడ పైన పడుకుని నీ గుండెను కాపాడుతోంది. ఈ మాటలు నేను ఇరవై సార్లు విన్నాను. ఒక్క చప్పుడు కూడా తీసేయలేదు, ఏ మెరుపూ పెట్టలేదు. కార్డు అలాగే తిప్పి పంపుతున్నాను. శనివారం రాత్రికి నేనూ బస్సు దిగుతాను.

ఆదివారం స్పీకరు కింద వదిలేసి, గిటారు తీసుకుని పైకి వెళ్ళు.

ఇట్లు,
పిచ్చుక

తా.క. వెళ్ళేముందు మూడో తీగ సరిచూసుకో. నానమ్మ ఆరు నెలలుగా ఓర్చుకుంటోంది పాపం.