అక్క మర్చిపోయిన సైకిల్

ఆదివారం రాత్రి, నవంబరు 1974

ఈ ఉదయం అక్క తనంతట తానే జడ వేసుకుంది. పాపిట వంకరగా ఉన్నా నేను సరిచేయలేదు. నెలల తరబడి మంచం దిగని మనిషి, ఆస్పత్రిలో కరెంటు షాకులు మొదలయ్యాక తింటోంది, మాట్లాడుతోంది. కానీ ఆ షాకుల వల్ల పాత సంగతులు చాలా మర్చిపోయింది. కొన్ని తిరిగి రాకపోవచ్చని డాక్టరు ముందే చెప్పారు.

బేగంబజార్ గల్లీలో నాకు సైకిల్ నేర్పింది అక్కే. వెనక సీటు పట్టుకుని పరుగెత్తుతూ, "కిందికి చూడకే, ముందలికి చూడు!" అని అరిచేది. సాయంత్రం ఆ మాట చెబితే నవ్వింది.

"జూటా మాటలు చెప్పకే. నాకు సైకిలే రాదు."

ఖాదర్ భాయ్ దుకాణం నుంచి కిరాయి సైకిల్ తెచ్చాను.

"పడితే బాపుకు నువ్వే జవాబ్ చెప్పాలె" అంటూ ఎక్కింది.

నేను సీటు పట్టుకున్నాను. పట్టుకోవాల్సిన అవసరమే లేకపోయింది. ఆమె కాళ్లకు అంతా గుర్తుంది. గల్లీ చివర నుంచి గట్టిగా అడిగింది.

"నాకెవలు నేర్పిన్రే?"

నాకు తెలియదు. అది అక్కకు ఒక్కదానికే తెలిసిన సంగతి. ఎప్పుడో అడగాల్సింది, అడగలేదు.

రేపు పొద్దున అక్కకు మళ్లీ షాక్ ఉంది.