గేటు బయట నిలబెట్టిన తల్లి తరఫున

నాలుగేండ్ల హసన్‌ను మతి లేనోడని పదిమందిల అన్నది మా మేనమామ అమరేందర్, దేవరకొండల చిన్నపిల్లల బడి నడిపే పెద్దమనిషి. తల్లి జాహేదాను గేటు బయటికి తోలి, పిల్లగాన్ని కుర్చీల కూసోబెట్టి, బొమ్మలు చూపి పేర్లడిగిండు. వాడు బొమ్మల దిక్కు చూడలే, తల్లి పోయిన దిక్కే చూసిండు. గంతే, సీటు లేదన్నడు. ఆనాటి సంది హసన్ ఇంట్ల గూడ నోరు తెరుస్తలేడు. ముందు గీ తప్పు రాసి, తర్వాత నా ఆస్తి రాస్తున్న.

నేను త్రివేణిని, ఇరవై మూడేండ్లు, అరుణమ్మ బిడ్డను. వచ్చే మంగళారం హైదరాబాద్ దవాఖానల నా గుండెకు ఆపరేషన్. రంధ్రం గుండెల ఉన్నది గని బుద్ధిల లేదు. ఎవరి బలవంతం లేకుండ, పూర్తి స్పృహతోని రాస్తున్న. దీన్ని అమలుచేసే బాధ్యత మా అన్న సైదులుది. అన్నా, ఎప్పటి లెక్క ‘చూద్దాం తీయ్’ అంటే నడవదు.

1. పిల్లల ఎదుగుదల మీద నేను కొన్నవి, అడుక్కున్నవి, జిరాక్సు తీసినవి, చిన్న పుస్తకాలన్నీ జాహేదక్కకు. ఐతారం తల్లులను కూసోబెట్టి చదివి చర్చ పెట్టే పని గూడ ఆమెకే సంక్రమిస్తది. తల్లి కండ్లకు కానరాకపోతే పసిపిల్లకు ఉన్న జాగనే కొత్తదైతదని, ఆ బెదురుల అడిగిన ప్రశ్న తెలివికి కొలత కాదని మేం చదువుకున్ననాడు, వెక్కివెక్కి ఏడ్చింది ఆమెనే.

2. నా దోస్తు ప్రణీతకు, ఆ పుస్తకాలు చదివేటప్పుడు ఆమె అడిగిన ప్రశ్ననే రాసిస్తున్న: ‘ఏ ఊరి పిల్లలను చూసి రాసిండ్రే గిది? అండ్ల మన దిక్కు పిల్ల ఒక్కతన్న ఉన్నదా?’ ఏ పరిశోధన చదివినా ముందుగాల గా ప్రశ్న అడిగే సర్వహక్కులు ఆమెవి. అచ్చయిందల్లా నిజమనే రోగం మనకొద్దు.

3. అమ్మకు నా వెండి పట్టీలు. బాపుకు ఏమీ లేదు. ‘పెండ్లి కాని పిల్లకు పిల్లల శాస్త్రమా!’ అని మామ ఎక్కిరిస్తే బాపు గూడ నవ్విండు. ఆ నవ్వే ఆయన వాటా. సరే, నా ఉన్ని దుప్పటి గూడ ఇయ్యుండ్రి. చలికి ఆగడు.

4. హసన్‌కు, పాత చీరె పేలికలతోని నేను కుట్టిన బంతి. దాని రంగేందో చెప్పుమని వాణ్ని ఎవ్వరూ సతాయించొద్దు. వాడు ఇసిరితే అందుకొని మళ్ల వాని దిక్కు ఇసరాలె. మాట గూడ గట్లనే వస్తది.

5. మేనమామ అమరేందర్ తన బడి సంగతి చర్చల వచ్చిందని తెల్వంగనే, ఐతారం మేం చర్చకు కూసునే మడిగెకు, అదే ఆయన దుకాణం గదికి, తాళమేసిండు. లోపల చిక్కిన మా జంపఖానా ఆయనకే. దాని మీద కింద కూసోని ఒక్క పసిదాని కండ్లలకు చూసుడు నేర్వాలె. సోమవారం బాలల దినోత్సవమని గులాబీలు పంచుతడట, సిగ్గుండాలె!

6. పై రాతలన్నీ నేను పోయినంక చెల్లుతయి. ఇదొక్కటి నా సావు కోసం ఆగదు. గీ ఐతారం పొద్దుగాల పది గంటలకు, తల్లులందరు పిల్లలను సంకనేసుకొని మామ బడికాడికి రాండ్రి. హసన్‌ను జాహేదక్క ఒడిల కూసోబెట్టి మామ మళ్ల చూడాలె, వాని ఇంట్ల మాట్లాడే భాషలనే పలకరియ్యాలె. పిల్లగాన్ని తను అన్న మాట తప్పే అని మామ ఒప్పుకునేదాక లేవొద్దు. కానీ నినాదాలొద్దు, పిల్లగాడు బెదురుతడు. నేనూ వస్త. నేను గూడ అరవను.

దేవరకొండ, 10 నవంబర్ 2022, గురువారం
సంతకం: త్రివేణి
సాక్షులు: యోహాను, మందుల దుకాణం; నర్సింగమ్మ, పక్కింటామె