పాదాలు తడిమే చేయి

మల్కాపురంలో కాపురముంటున్న, కీర్తిశేషులు యోహాన్ గారి భార్య జయమణి అనే నేను, డెబ్బై రెండేళ్ళ వయసులో, బుద్ధి నిలకడగా ఉండగా, ఒకరి ఒత్తిడి లేకుండా వ్రాయిస్తున్న మరణశాసనం ఇది. షుగర్ వల్ల నా పాదాలకు స్పర్శ పోయింది గాని బుర్రకు పోలేదు. కింది సంగతులు చదివి నాకు మతి చలించిందని ఎవరూ కోర్టుకెక్కకూడదు.

1. గాజువాకలోని ఇంటి స్థలం నా తదనంతరం నా కుమారుడు రిచర్డ్‌కు సర్వహక్కులతో చెందవలెను. అచ్యుతాపురం కంపెనీ జీతంతో వాడు నేనున్న ఈ ఇంటినిండా నున్నటి టైల్స్ పరిపించాడు. వాటి మీద జారి రెండుసార్లు పడ్డాను. వాడు కొనిచ్చిన మొనదేలిన బూట్లు డబ్బాలోనే ఉన్నాయి, అవీ వాడికే. కోపం లేదని రాద్దామన్నాడు ఇది రాస్తున్న అప్పలసూరి. ఉంది, అలాగే రాయమన్నాను.

2. నా భర్త గురించి చెప్పకపోతే మూడో అంశం ఎవరికీ అర్థం కాదు. పోర్టులో పనిచేస్తూ ఆయన కుడిచేతి బొటనవేలు సగం పోగొట్టుకున్నాడు. రోజూ సాయంత్రం ప్రార్థన అయ్యాక నా పాదాలు ఒళ్ళో పెట్టుకుని, కింద అద్దం పట్టి చూసేవాడు. వేళ్ళ సందులు పొడిగుడ్డతో ఒత్తేవాడు. మడమలకు కొబ్బరినూనె రాసేవాడు. రాళ్ళున్నాయేమోనని నా చెప్పులు తడిమేవాడు. "నీ కాళ్ళు నీకు తెలీవే, నాను సూసుకుంటాను" అనేవాడు.

ఆయన్ని పూడ్చిన నెలకు, అదే వేళకు ఆ చేయి మళ్ళీ వచ్చింది. సూది గుచ్చినా తెలియని నా పాదాలకు ఆ సగం బొటనవేలు తెలిసింది. కళ్ళు తెరిస్తే ఎవరూ లేరు. ఒకరోజు అది ఎడమ చిటికెనవేలి దగ్గర ఆగి, ఇక కదల్లేదు. అద్దంలో చూస్తే వేలు నల్లబడి ఉంది. డాక్టరు ఆ వేలు తీసి కాలు నిలబెట్టాడు. నాకు భయం వేసింది, అంతకన్నా ఎక్కువ సంతోషం వేసింది.

3. నేనున్న ఈ ఇల్లు నా కుమార్తె గ్రేసీకి, షరతు మీద. దానికీ షుగరే, ఒప్పుకోదు. నా కాలు నిలబడితే కొండ మీది మాత చర్చికి చెప్పుల్లేకుండా ఎక్కుతానని మొక్కుకుంది. మొన్న మే నెలాఖరులో మిట్టమధ్యాహ్నం ఎక్కి వచ్చింది. తల్లి కాలి కోసం కూతురు కాలు కాల్చుకోమని ఏ మాత అడుగుతుంది?

పోయినవారం సాయంత్రం నేను వీధి గుమ్మంలో కూర్చుని ఉండగా, లోపల పడుకున్న గ్రేసీ "అమ్మా, నా మడమ అలాగ నొక్కేత్తన్నావేటి? ఒగ్గేయ్" అని అరిచింది. ఇంట్లో మేమిద్దరమే. ఆ చేయి నా దగ్గరికి రావడం మానేసి అప్పటికి చాలా రోజులైంది. వెళ్ళి చూస్తే కుడి మడమ కింద బొబ్బ చితికి, పక్క తడిసి ఉంది. "నొప్పి లేదు కదమ్మా" అని నవ్వింది. నొప్పి లేకపోవడమే రోగం, పిచ్చిదానా. నేటికీ ఆసుపత్రికి రానంటోంది.

కనుక గ్రేసీ ఆ మడమకు వైద్యం చేయించుకుని, మానిందని డాక్టరు చేత రాయించుకు రావలెను. వెనక పట్టీ ఉన్న మెత్తటి చెప్పులు వంటింట్లో కూడా తొడుక్కోవలెను. అంతవరకు ఇంటి తాళాలు పొరుగింటి ఆమినాబీ దగ్గర ఉండవలెను. ఈ వీలునామా అమలు బాధ్యత ఆమెదే. ఏడుపులకు కరిగే మనిషి కాదు.

4. అద్దం, తువ్వాలు, గోళ్ళు తిన్నగా కత్తిరించే కట్టరు గ్రేసీకే.

5. ఇది చెబుతుండగా నా పాదాల దగ్గర కదలిక తెలిసింది. ఈసారి ఏ వేలి దగ్గరా ఆగలేదు. ఆ చేయి నా కాలికి చెప్పు తొడిగి, పట్టీ బిగిస్తోంది. అప్పలసూరి రాస్తూనే కిందికి చూస్తున్నాడు. గ్రేసీ, మీ నాన్న తొందరపెడుతున్నాడు. ఆటో పిలువు. ముందు నీ మడమ చూపించుకుందాం, తరువాత ఆయనతో వెళతాను.

మల్కాపురం,
2025 జూన్ 9

ఇట్లు
జయమణి (సంతకం)

సాక్షులు:
కేథరిన్
అర్జునరావు

దస్తూరి: అప్పలసూరి