కత్తెర పడ్డ గుడ్డ

శనివారం, మధ్యాహ్నం
కుట్టు షాపు నుంచి

చిరంజీవి చిట్టితల్లికి,

అమ్మ ఆశీస్సులు. ఇక్కడ అందరం క్షేమం అని మొదలుపెట్టాలని నాకూ తెలుసు. నేను క్షేమమని రాస్తే నువ్వు నమ్మవు, కాదని రాస్తే పరుగెత్తుకొస్తావు. అందుకని కత్తెర క్షేమం, మిషను క్షేమం, పక్క షాపు ఇస్త్రీ తాత నోరు మరీ క్షేమం అని రాస్తున్నాను.

నీ ఉత్తరం అందింది. కోర్టులో అనువాదకురాలి ఉద్యోగానికి రేపు కాక ఆ పై ఆదివారం జరిగే పరీక్ష రాయనని, హాస్టలు ఖాళీ చేసి వచ్చి షాపు చూసుకుంటానని రాశావు. షాపు మీద బెంగ పట్టుకుందట. కాజాలు కుట్టమంటే కళ్ళు మండుతున్నాయని పారిపోయేదానివి, నీకు షాపు మీద బెంగేమిటే? తాతకు దగ్గులు నేర్పకు.

మనం ఇంగ్లీషు మాటలు ఎలా నేర్చామో మరిచిపోయినట్టున్నావు. పుస్తకంలో అర్థాలు బట్టీ పడితే తెల్లారేసరికి ఎగిరిపోతున్నాయని ఏడ్చేదానివి. ఒక్కో మాటనీ ఒక్కో మనిషికి తొడిగి చూద్దాం, కొలత సరిపోతే ఇక ఊడదు అన్నాను. నువ్వు కటింగ్ బల్ల మీద మాటను సుద్దతో రాసి అర్థం చెప్పేదానివి. ఎవరికి సరిపోతుందో నేను చెప్పేదాన్ని. మూడుసార్లు నడుము వదులు చేయించుకుని, ఒళ్ళు మాత్రం పెరగలేదని వాదించే డ్రిల్లు మాస్టారు ఆబ్‌స్టినేట్. వాగుడు ఆపని ఇస్త్రీ తాత గారులస్. ఎంత బతిమాలినా కరగని ఇంటి ఓనరు రిలెంట్‌లెస్. బాధ తగ్గిస్తుందే గానీ జబ్బు పోగొట్టదు అని నువ్వు పాలియేటివ్‌కి అర్థం చెప్పావో లేదో, నేను మీ మామయ్య పేరు చెప్పాను. వచ్చి టీ తాగి, అంతా బాగైపోతుందని చెప్పి, దేనికీ చెయ్యి వెయ్యకుండా వెళ్ళిపోతాడు కదా. ఇద్దరం పడీ పడీ నవ్వాం. మనిషి దొరకని మాటకు వస్తువు వెతికేవాళ్ళం. ఇర్రివర్సిబుల్ అంటే కత్తెర పడ్డ గుడ్డ.

నేర్చుకుంటున్నది నువ్వొక్కదానివే అనుకున్నావా?

మొన్న ఆస్పత్రిలో పెద్ద డాక్టరు నా ముందే నీతో ఇంగ్లీషులో మాట్లాడాడు. చాలా మాటలు నాకు అందలేదు. కానీ మధ్యమధ్యలో మనవాళ్ళు కనిపించారు. ముందు ఇంటి ఓనరు వచ్చాడు. తరవాత కత్తెర పడ్డ గుడ్డ. ఆఖరున మీ మామయ్య. ఆయన మాట్లాడటం అయ్యాక నువ్వు నా వైపు తిరిగి, కడుపులో చిన్న పుండేనట, మాత్రలతో మానిపోతుందట అని చెప్పావు. నేను తలూపాను. నీ మీద కోపం వచ్చింది. నాకు ఎంత భయంగా ఉందో నీతో చెప్పుకునే దారి లేకుండా చేశావని.

కోర్టులో ఎవరి బతుకో నీ నోటి మీద ఆధారపడి ఉంటుంది. అక్కడ చెప్పిన మాటను మెత్తబరిచే హక్కు అనువాదం చేసేవాళ్ళకు ఉండదని నువ్వే అన్నావు. ఆదివారం పరీక్ష రాయి. ఇన్నాళ్ళు పడ్డ కష్టాన్ని నా కడుపు పేరు చెప్పి పారెయ్యకు. నేను పోయేలోపు నీకొక దారి కనిపిస్తే చాలు, నాకు ఇంకే కోరికా లేదు. రాసి, ఆ సాయంత్రం బస్సే ఎక్కు. వచ్చి, డాక్టరు అన్నదంతా ఒక్క మాట తగ్గించకుండా మన భాషలో నాకు చెప్పు. ఏడుపొస్తే మధ్యలో ఆపి ఏడువు. నేనూ ఏడుస్తాను.

నొప్పి ఉంది. బల్ల దగ్గర నిలబడలేక స్టూలు వేసుకున్నాను. కటింగ్ మాత్రం ఇంకా ఎవరికీ ఇవ్వలేదు.

ఉంటాను,
మీ అమ్మ

తా.క. ఇది రాయకుండా కవరు అంటించబుద్ధి కావడం లేదు. డాక్టరు ఆ సంగతి నాకు అంతకు ముందు వారమే చెప్పాడు, మన భాషలోనే. నీకు ఇంగ్లీషులో చెప్పమని అడిగింది నేనే. కాబట్టి నీ మీద కోపమన్న మాట కొట్టెయ్యి, దాచడం మొదలుపెట్టింది నేను. ఇంగ్లీషు మాట చెవిన పడితే నువ్వు పరీక్షలో కూర్చున్నట్టు వెన్ను నిటారుగా పెడతావు. మన భాషలో వింటే అక్కడే కూలిపోతావు. నిటారుగానే కూర్చున్నావు, నా మణికట్టు మాత్రం వదల్లేదు. ఆ రోజు నిన్ను పట్టుకునే బలం నా చేతుల్లో లేదే. ఇప్పుడు కాస్త వచ్చింది. అది ఉండగానే రా.