మెట్టుగూడ జాన్ సాహెబు కరాచీ పోలేదని

సికింద్రాబాదు,
9 ఫిబ్రవరి 1950.

వలసపోయినవారి ఆస్తుల విచారణాధికారి గారి సముఖమునకు మెట్టుగూడ నివాసి పర్వతాలు వ్రాసుకొన్న అర్జీ.

అయ్యా,

విషయం: మెట్టుగూడ జాన్ సాహెబు మెట్టుగూడలోనే ఉన్నాడని తెలుపుట, ఆయన మూలికల తోటను ఈ నెల 20న వేలము వేయవద్దని కోరుట.

1. పై జాన్ సాహెబు, వయస్సు అరువది, రైలు పట్టాల పక్కన తన పేరనున్న ఎకరమున్నర చెలకలో పెన్నేరు అనబడు అశ్వగంధ, తిప్పతీగ, సరస్వతి ఆకు పెంచి వైద్యులకు, హకీములకు అమ్మును. నేను మూడేండ్లుగా ఆయన వద్ద పని చేయుచున్నాను. పోలీసు చర్య తరువాత ఆయన అన్న షంషీర్ కరాచీ వెళ్లెను. ఈయన వెళ్లలేదు. ఎందుకు పోలేదని అడిగితే, "విత్తనం ఏసిన గద బేటా, గడ్డ తవ్వకుంట ఎట్ల పోత" అన్నాడు.

2. పెన్నేరు గడ్డను పుష్యమి నక్షత్రము నాడు, గంప నిండువరకు నోరు మెదపక తవ్వవలెనని ఆచారము. మాట్లాడితే మందు గుణము పోవునట. ఇది శాస్త్రము కాదని అణా పుస్తకములు చదివి నేను ఆయనతో ఎన్నోమార్లు వాదించితిని. అయితే రాంగోపాల్‌పేట్ వైద్యులు బ్రహ్మచారి గారు ప్రతి గంపపై చేయి పెట్టి, "మాట్లాడకుంట తవ్విందేనా?" అని అడిగి, మా మొగములు చూసి గాని కొనరు. జాన్ సాహెబు అబద్ధమాడడు. కావున నేను కూడా నోరు మూసుకొని తవ్వుదును. నన్ను ఎరిగినవారికి అది ఎంత కష్టమో తెలుసు.

3. ఈ నెల ఒకటో తేదీ పుష్యమి. ఆ ఉదయమే తమ గుమాస్తా గారు వచ్చి గట్టు మీద నిలిచి, జాన్ సాహెబు హాజరా అని మూడుసార్లు పిలిచినారు. ఎందుకు వచ్చినారో మాకు అప్పుడు తెలియదు. పది గజముల దూరములో తవ్వుచున్న జాన్ సాహెబు లేచి, సలాము చేసి, సగము నిండిన గంప చూపి, ఆగమని చేయి ఊపెను. పక్క చెలకలో బర్రెలు కాసే బాలమ్మ, "గాయనే సారూ జాన్ సాహెబు. గంప నిండెదాంక మాట్లాడడు. జెర కూసోండ్రి" అన్నది. "ఉన్నోడైతే పలుకుతడు గద" అని గుమాస్తా గారు, మూడుసార్లు పిలువగా ఎవరూ పలుకనందున యజమాని కరాచీ వెళ్లినట్లు రూఢి అని రాసుకొని వెళ్లినారు. నేను పళ్లు కొరుక్కుంటూ అక్కడే ఉన్నాను. అరవలేదు. జన్మలో మొదటిసారి అరవవలసిన చోట అరవలేదు. ఆ బాకీ ఈ కాగితము మీద తీర్చుకొంటున్నాను.

నక్షత్రములయందు నాకు ఎన్నడూ నమ్మకము లేదు. ప్రభుత్వమునందు ఉండెను.

4. వేలము నోటీసు చూసి జాన్ సాహెబును కచేరికి తీసుకొనిపోయి అదే గుమాస్తా గారి ఎదుట నిలబెట్టితిని. ఆయన పైనుంచి కిందికి చూసి, "రిపోర్టు పైకి పోయింది. ఇప్పుడు ఈయన ఉన్నడని రాస్తే నేను అబద్ధం రాసినట్లయితది" అన్నారు. రాసినది అబద్ధమే గద అంటిని. నన్ను బయటికి గెంటించినారు. జాన్ సాహెబును గెంటలేదు. రికార్డు ప్రకారము ఆయన లోపలికి రానేలేదు.

గణతంత్రము పుట్టిన ఆరు దినములకే ఒక పౌరుని, కళ్లెదుట ఉండగా, పారవేసుకొన్నది. కావున తాము ఆయనను స్వయముగా ఒక్కమారు చూసి, వేలము నిలుపుదల చేయ చిత్తగించవలెను.

ఉత్తర్వు వచ్చువరకు మాత్రము
తమ విధేయుడు,
పర్వతాలు

మరొక మాట: ఇది చదివి వినిపించగా జాన్ సాహెబు తిట్లు తీసేయమన్నాడు. కొన్ని తీసినాను. తరువాత, "వేలం ఆగకుంటె, కొన్నోనికి ఒక మాట చెప్పుమని రాయి. పడమటి మడికి నీళ్లు ఎక్కువ కట్టొద్దు, వేరు కుళ్లుతది" అన్నడు. అది రాయనని కొట్లాడిన. ఆయన ఊకోలేదు. మీరు వేలము ఆపితే ఈ మాట కొట్టివేయండి. ఆపకుంటే, దయచేసి కొన్నవానికి చెప్పండి.