తమ్ముడి ముక్కు

బంగారు తల్లీ,

నీ కూతురి ఫోటో వీధి వీధంతా చూపించేశాను, మీ అమ్మ ఒకటే వేళాకోళం! "తమ్ముడి ముక్కే వచ్చింది నాన్నా, వాడిలాగే దీనికీ ఆటిజం ఉంటుందా?" అని రాశావు. వాణ్ణి చూసే డాక్టరమ్మనే అడిగాను. "ముఖం చూసి ఎవరూ చెప్పలేరు పెద్దాయనా. కొందరు వీడిలా మునివేళ్ల మీద నడుస్తారు, అదీ అందరూ కాదు" అంది. అయినా ఆ ముక్కు వాడిది కాదే పిచ్చిదానా, నాది!

వాడు గుమ్మం దగ్గర అందరి చెప్పులూ వరసగా సర్దుతాడు కదా. ఫోటో చూసినప్పటినుంచి నీ పాత చెప్పుల పక్కన కాస్త చోటు వదులుతున్నాడు. నావి అక్కడ విడిస్తే తీసి అవతల పెట్టాడు. ఆ చోటు నీ కూతురి చెప్పులకని అప్పుడు అర్థమై నాకు కన్నీళ్లాగలేదు.

అది ఎలా నడిచినా మన పిల్లే. నడక వచ్చేదాకా ఆగకు, ఎత్తుకునే వచ్చెయ్.

మీ నాన్న